ఐదు గీతల పిల్ల

తొమ్మిదో భాగం

పోయినవారం ఊపిరక్కని స్కానింగు గది గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది మనిషి. ఒక చేతిలో చల్లారిపోయిన టీ గ్లాసు. ఎదురుగా అద్దాల దొర. ఆయన చాచిన చేతిలో తెల్ల కాగితం. "సంతకం పెట్టమ్మా, పదకొండింటికల్లా పని మొదలవ్వాలి" అని ఆయన అనడమూ, ఈవిడ గొంతులో టీ అడ్డం పడడమూ, అక్కడికి ఆగాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళుంటే పక్కవాళ్ళని గోకకుండా ఇటు వినండి, నాలుగు ముక్కల్లో అయిపోతుంది.

ఊపిరక్కకి ఒక అసలు పేరుంది గానీ అది ఆస్పత్రి హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఇరవై ఆరేళ్ళుగా స్కాను మిషను పక్కన నిలబడి, ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరికీ "ఊపిరి బిగపట్టండి... ఆఁ, ఇక వదలండి" అని చెప్పి చెప్పి ఆ పేరు సంపాదించుకుంది. కూరగాయల దుకాణంలో కనబడినా జనం ఛాతీ పొంగించి చూపిస్తారు. ఆవిడ "ఇక వదలండి" అనేదాకా వదలరు.

మ్యూజియంలో ఏడుగురు పిల్లలున్నారు. ప్రాణంతో కాదు. ఒక ఎండు గుహలో వెయ్యేళ్ళకి పైబడి, గుడ్డల్లో చుట్టినవాళ్ళు చుట్టినట్టే, కుళ్ళకుండా ఎండిపోయి ఉండిపోయిన పిల్లలు. ఇలాంటి వాళ్ళు ఏం తిన్నారో, ఏ జబ్బు పడ్డారో తెలియాలంటే వెనకటి రోజుల్లో గుడ్డలు విప్పి, కోసి చూసేవాళ్ళు. ఇప్పుడా అవసరం లేదు. పోగు కదపకుండా మిషనులోంచి పంపిస్తే లోపల ఎముకెముకా కనబడుతుంది. ఆ పని ఊపిరక్క చేతికొచ్చింది. మొదటి పిల్లవాణ్ణి బల్ల మీద పెట్టిన రోజు అలవాటు కొద్దీ మైకులో "ఊపిరి బిగపట్టు నాన్నా" అనేసింది. మ్యూజియంలో ఆ పిల్లల గదిని ముప్ఫయ్యేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్న తాళాలవ్వ, మొలలో తాళాలు గలగలలాడించుకుంటూ, "వాడు బిగపట్టి వెయ్యేళ్ళయిందే అమ్మాయ్, నువ్వు కానియ్" అంది. ఆ రోజు నించి వాళ్ళిద్దరికీ జత కుదిరింది.

ఏడుగురిలో చిన్నది బుజ్జిది. నాలుగేళ్ళు నిండాయో లేదో. మిగతా ఆరుగురూ బారుగా పడుకుని ఉంటే ఇది మాత్రం పక్కకి ఒత్తిగిలి, పైన అంచులు కుట్టేసిన మందపాటి గుడ్డ చుట్టుకుని, రెండు కొసలా ఒకేలా లావుగా ఉన్న దిండులా ఉంటుంది. దీన్నే అందరి ముందూ విప్పించాలని మ్యూజియం పెద్ద పట్టుబట్టాడు. దొరికిన ప్రతిదాన్నీ గాజుపెట్టెలో పెట్టించి దీపాలు వెలిగించే మనిషి గనక ఆయనకి అద్దాల దొర అని పేరు. మ్యూజియం కమిటీవాళ్ళు ఒక మెలిక పెట్టారు: స్కానుతో అన్నీ తెలిస్తే విప్పడానికి వీల్లేదు, స్కాను చాలదని, తీసిన మనిషే సంతకం పెడితే విప్పొచ్చు. అదీ ఆ తెల్ల కాగితం.

ఇక గదిలోకి పోదాం.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. బయట రోగుల బెంచీలు ఖాళీ. గదిలో ఏసీ ఎప్పటిలాగే దగ్గుతోంది. మిషను గుండ్రటి నోటి చుట్టూ పిల్లలు భయపడకుండా ఊపిరక్క అంటించిన కాగితం చేపలు అలాగే ఉన్నాయి. బల్ల పక్కన తాళాలవ్వ ఒళ్ళో పెట్టె, పెట్టెలో మెత్తటి స్పాంజి, స్పాంజి మీద బుజ్జిది. పైఅంతస్తులో ఆపరేషను గది కడిగి, దీపాలు వేసి, కెమెరాలు నిలబెట్టి ఉంచారు. కత్తెర పట్టాల్సిన ఎముకల డాక్టరు కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జుట్టంతా నెరిసిన పెద్దమనిషి. ఎముక చూసి వయసు చెప్పడం, విరిగింది ఎప్పుడో చెప్పడం ఊపిరక్కకి నేర్పింది ఆయనే. ఆయన మాటంటే ఆవిడకి వేదం.

"సంతకం పెట్టను సార్" అంది ఊపిరక్క, గొంతు సర్దుకుని. "స్కాను చాలదని నేనెలా రాస్తాను? అన్నీ చెప్పింది కదా. కళ్ళ గుంటల పైన ఎముక జల్లెడలా ఉంది, అంటే బతికుండగా ఒంట్లో రక్తం చాలలేదు. పళ్ళ మీద చారలున్నాయి. చెయ్యి విరిగి అతుక్కుంది. మోకాలి కింది ఎముకలో ఐదు గీతలున్నాయి. గుడ్డ విప్పితే ఇంకేం కనబడుతుంది, చర్మం తప్ప?"

"చర్మమేనమ్మా జనానికి కావలసింది" అన్నాడు అద్దాల దొర. "సరే, అది వదిలెయ్. నీ స్కాను చాలదని నేను అనడంలేదు. నీ స్కానే అంటోంది." చంకలో ఉన్న కవరులోంచి పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి తీసి కిటికీ వెలుగుకి ఎత్తిపట్టాడు. "ఇది ఈ పిల్ల దొరికిన ఏడు తీసింది. నలభయ్యేళ్ళయింది. విరిగిన చెయ్యి ఏది?"

మూలన, ఎడమ పక్క ఏదో చెప్పే సీసపు అక్షరం తెల్లగా మెరుస్తోంది. చిన్నపిల్లాడైనా చెబుతాడు.

"ఎడమ చెయ్యి" అంది ఊపిరక్క.

"నీ రిపోర్టులో ఏం రాశావు?"

రిపోర్టు చూడక్కర్లేదు ఆవిడకి. అక్షరం అక్షరం తెలుసు. చేతిలో టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసింది.

"కుడి" అంది.

"కుడి!" అని ఆయన గదంతా వినబడేలా అన్నాడు, గదిలో ఉన్నదే నలుగురైనా.

ఊపిరక్క వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. మూడు వారాల కిందటి బొమ్మలు తెరిచింది. ఒక్కటొక్కటే వెనక్కి వెనక్కి తిప్పుకుంటూ, ఆ రోజు తను ఏం చేసిందో చేత్తో చేసినట్టు మళ్ళీ చేసుకుంటూ పోయింది. మిగతా ఆరుగురికీ గుడ్డ ముడి తల వైపు ఉంది. బుజ్జిదానికి కూడా ముడి ఉన్న కొసే తల అనుకుని, అటే మిషనులోకి పెట్టి, 'తల ముందు' అని నొక్కింది. తీరా బొమ్మ వస్తే ముందు కాళ్ళు వచ్చాయి. "ఓసి నీ తలకిందుల వేషాలూ" అని నవ్వుకుని బొమ్మని నిటారుగా తిప్పుకుంది. తిప్పుకుంది గానీ, కుడి ఎడమల అక్షరాలు మిషను ముందే వేసేసింది, 'తల ముందు' అన్న మాట నమ్మి. బొమ్మ తిరిగింది. అక్షరాలు తిరగలేదు. బతికున్న మనిషి దగ్గర ఈ పొరపాటు చేద్దామన్నా కుదరదు. కాళ్ళు ఎటున్నాయో తలెటుందో గుడ్డివాళ్ళకైనా తెలుస్తుంది. గుడ్డ చుట్టిన పిల్ల దగ్గరే ఇది కుదిరింది. అదీ ముడి ఎటుంటే తల అటు అని ఆరుసార్లు చూసి అలవాటుపడ్డ మనిషికే కుదిరింది.

ఆవిడ కుర్చీ ఇటు తిప్పింది. చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి.

"తప్పు నాదే సార్. అది ఎడమ చెయ్యే. తల అనుకుని కాళ్ళు ముందు పంపాను."

"ఓసి పిచ్చి మొహమా!" అంది తాళాలవ్వ పెట్టె గట్టిగా పట్టుకుని. "ఒక్క నిమిషం నీళ్ళు నమిలి, ఆ ఫిల్మే తిరగేసి పట్టుకున్నారేమో అని ఒక రాయి విసిరి చూడకూడదూ! ఇలా టక్కున ఒప్పేసుకునేదాన్ని నిన్నే చూశాను."

"ఉన్నదే కదవ్వా."

"ఉన్నదైతే మాత్రం!"

అద్దాల దొర మొహం వెలిగిపోయింది. కాగితం కంప్యూటరు బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి దాని పక్కన పెట్టాడు. "చూశావుగా. చెయ్యి ఏదో తెలియని రిపోర్టు ఇంకేం చెప్పినా కమిటీ నమ్మదు. నేను దీన్ని పెద్దది చెయ్యను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. సంతకం పెట్టు, ఆ కుడి ఎడమల గొడవ ఈ గదిలోనే ఉండిపోతుంది. పెట్టనంటావా, రేపు పొద్దున మీ సూపరింటెండెంటు బల్ల మీద ఈ ఫిల్ము ఉంటుంది. రోగుల చేతులు కూడా ఇలాగే మార్చేస్తోందా అని ఆయన అడిగితే ఏం చెబుతావో చూసుకో."

ఊపిరక్క ఆ పెన్ను వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఒక్క రోగి కాలు కూడా మార్చలేదావిడ. ఆ మాట రేపు ఎవరు వింటారు?

అప్పుడు ఎముకల డాక్టరు గోడ వదిలి వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

"నా మాట విను తల్లీ. నాకు మాత్రం ఇష్టమా? ఎవడో మోటుగా చింపే బదులు నేనైతే పోగు పోగూ చూసుకుని విప్పుతాను. దానికి నొప్పి ఉండదు, నీకు మాట రాదు. పెట్టెయ్."

ఆయన మాట మెత్తగా, తియ్యగా ఉంది. ఊపిరక్క చెయ్యి పెన్ను మీదకి పోయింది కూడా. కానీ చూడండి, ఓడిపోయినవాళ్ళని ఓడిపోనివ్వకుండా ఇంకొక్క మాట అనే జబ్బు కొందరికి ఉంటుంది. అద్దాల దొరకి ఉంది.

"అయినా ఆ ఐదు గీతల గురించి నువ్వింత బెంగపడ్డం ఎందుకమ్మా?" అన్నాడు. "గీతంటే ఏంటి, జబ్బు గుర్తేగా? ఐదు గీతలు, ఐదు జబ్బులు. పనికిరాని పిల్ల. శాపం తగిలిందన్నారు, వెలివేశారు, గుహలో పారేశారు. నేను బోర్డు మీద 'వెలివేసిన పిల్ల' అని రాయించింది అదే. జనం శాపం చూడ్డానికి వస్తారు గానీ జ్వరం చూడ్డానికి వస్తారా?"

పెన్ను మీదకి పోయిన చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నారు సార్?"

"జ్వరం చూడ్డానికి..."

"అది కాదు. గీతంటే ఏంటన్నారు?"

"జబ్బు గుర్తు."

"కాదు." ఊపిరక్క లేచి నిలబడింది. ఎత్తు తక్కువ మనిషి, లేచినా ఆయన చొక్కా రెండో గుండీ దగ్గరికే వస్తుంది. కానీ అద్దాల దొర అర అడుగు వెనక్కి వేశాడు. "డాక్టరు గారు నాకు నేర్పింది మీకు నేను చెబుతాను, వినండి. పిల్లకి జ్వరం తగులుకున్నా, తిండి లేకపోయినా, ఎముక పెరగడం ఆపేస్తుంది. ఆపేసినప్పుడు గీత పడదు. అలా ఆగి, కోలుకోకుండానే పోయిన పిల్లకి గీతే ఉండదు. మళ్ళీ కోలుకుని, మళ్ళీ నాలుగు ముద్దలు తిని, ఎముక మళ్ళీ పెరగడం మొదలెట్టినప్పుడే గీత పడేది. గీతంటే పడిపోయిన రోజు కాదు సార్. లేచిన రోజు. ఇది ఐదుసార్లు లేచింది."

ఏసీ ఒకసారి దగ్గి ఊరుకుంది.

"నా కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు మెట్ల మీద పడి కాలు బెణికితే ఈ ఆస్పత్రిలోనే ఎక్స్‌రే తీశాను. మూడు గీతలు కనబడ్డాయి. ఒకటి దానికి రెండేళ్ళప్పుడు పట్టిన జ్వరం. నలభై రోజులు నీళ్ళు చెంచాతో పోశాను. రెండోది విరోచనాలు. మూడోది జబ్బు కాదు. వాళ్ళ నాన్న చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయిన ఏడు, ఇంట్లో పొయ్యి రోజూ వెలగలేదు. నా చెల్లెలు దాన్ని తీసుకెళ్ళి నాలుగు నెలలు తన పిల్లలతో పాటు కంచంలో అన్నం పెట్టింది. ఆ గీత మా చెల్లెలు గీసింది. మిగతా రెండూ నేను గీశాను. అదిప్పుడు నాకంటే అడుగు పొడుగు, రోజూ నాతో పోట్లాడుతుంది. ఎవరైనా దాని కాలి బొమ్మ చూసి 'దిక్కులేని పిల్ల' అని బోర్డు కడితే నేనూరుకోను. ఊరుకుంటానా?"

"ఊరుకోకు" అంది తాళాలవ్వ, అడగకపోయినా.

"ఈ బుజ్జిదానికీ ఎవరో ఐదుసార్లు చెంచాతో నీళ్ళు పోశారు. దాని చెయ్యి విరిగితే బద్దలు పెట్టి కట్టు కట్టారు. అందుకే వంకర లేకుండా అతుక్కుంది. పారేసే పిల్లకి కట్టెవరు కడతారు సార్? ఆరోసారి వాళ్ళ వల్ల కాలేదు. అంతే. కాకపోతే ఉన్నదాంట్లో మంచి గుడ్డ తీసి చుట్టి పడుకోబెట్టారు. వాళ్ళు కట్టిన ముడి మీరు కెమెరా ముందు కోస్తానంటే, దానికి నా సంతకం కావాలా? పెట్టను. సూపరింటెండెంటుకి కాదు, ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి. రేపు మీరు వెళ్ళకముందే నేనే వెళ్ళి నా తప్పు చెప్పుకుంటాను."

అద్దాల దొరకి ఇలా ఎవరైనా ఎదురు చెప్పి చాలా ఏళ్ళయినట్టుంది. కోపం తెచ్చుకోవడం కూడా వెంటనే గుర్తురాలేదు. గుర్తొచ్చాక మాత్రం గట్టిగానే వచ్చింది.

"కథలు చెప్పకు! కుడీ ఎడమా తెలియనిదానివి, గీతలు ఐదో మూడో నీకేం తెలుసు? అసలు ఉన్నాయో లేదో! మిషనులో గీతలు పడి ఉంటాయి! అవ్వా, పెట్టె ఇలా ఇయ్యి."

"ఇయ్యను" అంది తాళాలవ్వ.

"ఇది మ్యూజియం సొత్తు!"

"నేనూ మ్యూజియం సొత్తునే నాయనా, ముప్ఫయ్యేళ్ళయింది, నన్ను కూడా కలిపి మోసుకుపో. మెట్లు జాగ్రత్త. నా నడుం పట్టేసింది, మధ్యలో దిగమంటే దిగలేను."

డాక్టరు నవ్వాపుకోవడానికి అటు తిరిగాడు. ఊపిరక్క మాత్రం నవ్వలేదు. ఒక్క అడుగు వేసి అవ్వ ఒళ్ళోంచి పెట్టె తను అందుకుంది.

"ఉన్నాయో లేదో తేలుద్దాం సార్. మళ్ళీ తీస్తాను. ఇప్పుడే, మీ కళ్ళ ముందు. పావుగంట పని. గీతలు ఐదు లేకపోతే ఆ కాగితం మీద సంతకం పెడతాను, దాంతో పాటే నా రాజీనామా మీద కూడా. ఐదు ఉంటే మీరు ఆ కాగితం ఇక్కడే చింపెయ్యాలి. సరేనా?"

"ఎందుకు తల్లీ మళ్ళీ?" అన్నాడు డాక్టరు. "పాత బొమ్మలే ఉన్నాయిగా. అక్షరం ఒక్కటి మారిస్తే సరిపోతుంది. పాతవాటిని మాటిమాటికీ కదపడం వాటికి మంచిది కాదు."

"దిద్దిన బొమ్మ అని వంక పెడతారండీ. కొత్తది తీస్తే వంక ఉండదు."

ఆ మాట అద్దాల దొరకి రోషం తెప్పించింది. "తియ్యి. నాకేం భయమా?" అన్నాడు.

ఊపిరక్క చేతులు కడుక్కుంది, తొడుగులు వేసుకుంది. బల్ల మీద కొత్త కాగితం పరిచింది. బుజ్జిదాన్ని అడుగున రెండు అరచేతులూ పెట్టి, నిద్రపోతున్న పిల్లని పక్క మార్చేటంత నెమ్మదిగా ఎత్తి, ఆ కాగితం మీద పడుకోబెట్టింది. స్పాంజి ముక్క మీద 'తల' అని రాసి అటు కొసన పెట్టింది. తర్వాత అద్దాల దొరని పిలిచింది.

"ఇలా రండి సార్. ఈసారి మీరే నొక్కండి. 'కాళ్ళు ముందు' అని ఉంది చూడండి, అది."

"నేనా?"

"మీరే. రేపు తప్పొస్తే ఇద్దరం కలిసి తిట్లు తిందాం."

ఆయన ఆ మీటని వేడి పెనం ముట్టుకున్నట్టు ముట్టుకుని నొక్కాడు. అద్దాల దొర సంతకం కాగితం కూడా చేతిలోకి తీసుకున్నాక నలుగురూ అద్దం వెనక, మిషను నడిపే గదిలోకి వెళ్ళారు. పందెం కాళ్ళ మీద గనక ఊపిరక్క ముందు మోకాళ్ళ దాకా మాత్రమే తీస్తానంది. మైకు మీద చెయ్యి పోయింది, ఎప్పటి అలవాటో. పెదవులు కదిలాయి గానీ ఏమన్నదో ఎవరికీ వినబడలేదు. బల్ల నెమ్మదిగా చేపల మధ్యలోంచి లోపలికి జరిగింది.

తెర మీద ముందు కాలివేళ్ళు వచ్చాయి. బియ్యపు గింజలంతేసి ఎముకలు. తర్వాత చీలమండ. తర్వాత మోకాలి కింది పొడుగెముక.

"లెక్కపెట్టండి సార్" అంది ఊపిరక్క. తను వేలు కూడా చూపించలేదు.

అద్దాల దొర ముందుకి వంగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఎముకకి అడ్డంగా, చాక్‌పీసుతో గీసినట్టు, సన్నగా తెల్లగా ఉన్నాయి.

"ఒకటి... రెండు..." అన్నాడు. "మూడు." అక్కడ ఆగాడు. "ఇది రెండు కలిసిపోయాయా?"

"పెద్దది చేసి చూడండి. ఆ చక్రం తిప్పండి."

ఆయన తిప్పాడు. బొమ్మ దగ్గరికి వచ్చింది.

"నాలుగు. ఐదు."

"రెండో కాలు కూడా చూడండి. అందులోనూ అంతే ఉండాలి. జబ్బు చేస్తే ఒక కాలికే చెయ్యదు కదా."

ఆయన రెండో కాలు కూడా చూశాడు. ఈసారి పైకి లెక్కపెట్టలేదు, పెదవులు మాత్రం ఐదుసార్లు కదిలాయి. ఆయన చెడ్డవాడే అనుకుని ఎనిమిది వారాలు తిట్టుకున్నాం గానీ, అప్పుడు ఆ మొహం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. "మూడోదానికీ నాలుగోదానికీ మధ్య చాలా తక్కువ చోటుంది" అన్నాడు చివరికి, నెమ్మదిగా. "అంటే, లేచిన వెంటనే మళ్ళీ..."

"అవును సార్. మళ్ళీ పడింది. అయినా మళ్ళీ లేపారు."

అద్దాల దొర చేతిలో కాగితాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపాడు. "ఆ బోర్డు రేపు దింపించేస్తాను" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. తాళాలవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే, "ఇవాళ దింపించు నాయనా, రేపటికి నీ మనసు మారితే నేను నిచ్చెనెక్కలేను" అంది.

"సరే, గెలిచావు తల్లీ" అన్నాడు ఎముకల డాక్టరు. చేతి గడియారం చూసుకున్నాడు. "ఇక చాలు. మిషను ఆపెయ్. పైన వాళ్ళకి చెప్పి దీపాలు తీయించేస్తాను."

"ఒక్క ఐదు నిమిషాలండీ. ఒళ్ళంతా ఒకసారి తీసేస్తాను."

"గీతలు తేలిపోయాయిగా?"

"గీతలు తేలాయి. చెయ్యి తేలలేదు. ఆ తప్పు నాది. ఎడమని ఎడమ అని రాసేదాకా నాకు ముద్ద దిగదు."

"మొండిదానివి. వద్దంటున్నానా, ఆపెయ్!"

ఆయన గొంతు అంత గట్టిగా వినడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదలు. ఊపిరక్క ఆశ్చర్యంగా చూసింది. అలిసిపోయి ఉంటాడు, పొద్దుటి నించీ నిలబడే ఉన్నాడు అనుకుంది. అనుకుంటూనే మీట నొక్కేసింది.

బల్ల మళ్ళీ కదిలింది. కాళ్ళు, మోకాళ్ళు, నడుము. ఎడమ చెయ్యి వచ్చింది. తిన్నగా అతుక్కున్న చోట చిన్న బొడిపె. పక్కనే అక్షరం ఈసారి సరిగ్గా పడింది. ఊపిరక్క గుండెల నిండా గాలి పీల్చుకుంది.

వదలలేదు.

పక్కటెముకల కింద, గుడ్డ మడతల మధ్య, సూది ముక్కలా సన్నటి తెల్లటి మెరుపు. ఎముక తెలుపు కాదు. కళ్ళు చెదిరే తెలుపు, దాని చుట్టూ నక్షత్రానికి ఉన్నట్టు గీతలు చిమ్ముతున్నాయి. లోహం ఉన్నచోటే అలా చిమ్ముతుంది.

"ఏంటది?" అన్నాడు అద్దాల దొర. "నగా? పూసా? ఆ రోజుల్లో..."

ఊపిరక్క పక్క తెర వైపు జరిగింది. పక్క తెర మీద మూడు వారాల కిందటి బొమ్మ తెరిచి, సరిగ్గా అదే చోటు తెచ్చి పెట్టింది. అక్కడ గుడ్డ ఉంది. పక్కటెముక ఉంది. ఇంకేమీ లేదు.

"మూడు వారాల కింద ఇది లేదు" అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "దీన్ని ఎవరో ఇప్పటికే విప్పారు సార్. విప్పి, చూసి, మళ్ళీ కుట్టారు. కుట్టేటప్పుడు సూది విరిగి లోపల ఉండిపోయింది."

అద్దాల దొర మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను కాదు" అన్నాడు, ఎవరూ అడగకుండానే. "ఒట్టు. నేను విప్పించాలనే అనుకున్నాను గానీ... అవ్వా, నీ గదిలో..."

"నా గదిలో ఉండగా దీని మీద ఈగ వాలలేదు" అంది తాళాలవ్వ. "మీ స్కాను అయ్యాక మూడు రోజులు ఈ ఆస్పత్రి చల్లగదిలో ఉంచారు, నా కళ్ళ పడకుండా. ఆ మూడు రోజులకి నన్నడక్కు. అయినా సూది అంటే నా మీదకే వస్తారేం? నేను కుట్టే సూది నిటారుగా ఉంటుంది. ఇదేంటి ఇలా కొడవలిలా ఉంది?"

ఊపిరక్క బొమ్మని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. అవును, కొడవలిలా ఉంది. సగం విరిగినా ఆ వంపు తెలుస్తూనే ఉంది. గుడ్డ కుట్టే సూది అలా వంగి ఉండదు. అలాంటి సూది ఆవిడ పై అంతస్తులో, పచ్చ గుడ్డ పరిచిన పళ్ళెంలో, కొన్ని వందలసార్లు చూసింది. అది మనుషుల్ని కుట్టే సూది.

ఆ గదిలో నలుగురున్నారు. మనుషుల్ని కుట్టడం వచ్చిన చెయ్యి ఒక్కటే ఉంది.

ఊపిరక్క వెనక్కి తిరిగేసరికి ఆ చెయ్యి తలుపు గడియ తీస్తోంది.